ఫోను మనకు, అలవాటు పిల్లలకు

(3 నుంచి 5 ఏళ్ళ పిల్లల తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలతోపాటు నాయనమ్మలు, తాతయ్యలు కూడా వచ్చినందుకు సంతోషం. ఇంట్లో పిల్లల అలవాటు ఒక్కరి మాట మీద నిలబడదు. అందరి మాటా ఒకటైతేనే నిలబడుతుంది.

"మంచి అలవాట్లు నేర్పే యాప్ ఏదైనా ఉంటే చెప్పండి" అని చాలామంది అడుగుతారు. అడిగేటప్పుడు వాళ్ళ మనసులో ఉండే ఊహ ఇది: ఫోను పిల్లవాడి చేతికిస్తాం, తెర మీద ఎలుగుబంటి పళ్ళు తోముకుంటుంది, దాన్ని చూసి మనవాడూ తోముకుంటాడు. ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో ముందే చెబుతాను. బొమ్మ కదులుతున్నంతసేపూ 3 ఏళ్ళ పిల్లవాడి దృష్టంతా బొమ్మ మీదే ఉంటుంది. బ్రష్ నోట్లోనే ఆగిపోతుంది. బొమ్మ అయిపోగానే "ఇంకోటి" అంటాడు. పది రోజులు గడిచేసరికి వాడికి అలవాటయ్యేది తోముకోవడం కాదు, ఆ వేళకి ఫోను దొరుకుతుందన్న సంగతి.

యాప్ పనికిరాదని నేను అనడం లేదు. చాలా పనికొస్తుంది, కానీ పెద్దవాళ్ళకి. గుర్తు చేయడానికి, లెక్క పెట్టడానికి, గొంతు వినిపించడానికి ఫోను మంచి సాధనం. ఈ 3 పనులకూ పిల్లవాడు తెర వైపు చూడాల్సిన అవసరం దాదాపు లేదు.

ఈ వయసు మనసు నడిచే తీరు చూడండి. వాళ్ళకి "8 గంటలకి" అంటే అర్థం కాదు, "అన్నం తిన్నాక" అంటే అర్థమవుతుంది. "ఇంకా 5 నిమిషాలు" అంటే అర్థం కాదు, "ఈ బ్లాకులు డబ్బాలో వేశాక" అంటే అర్థమవుతుంది. గడియారం మనది, వరుస వాళ్ళది. అలారం మోగి మనల్ని లేపాలి, మనం వరుసను మొదలుపెట్టాలి, వరుస పిల్లవాడిని నడిపించాలి. ఇందులో ఏ ఒక్కటి తారుమారైనా పని జరగదు. అలారమే పిల్లవాడికి ఆజ్ఞ ఇవ్వాలని చూస్తే మూడో రోజుకి దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు.

పిల్లల తిండి, ఆటల అలవాట్లు మార్చడానికి తల్లిదండ్రులకిచ్చే యాప్‌ను స్వీడన్‌లో శ్రద్ధగా పరీక్షించారు. దాని పేరు మినిస్టాప్. మొదటి విడతలో నాలుగున్నరేళ్ళ పిల్లలున్న 315 కుటుంబాలు 6 నెలలు పాల్గొన్నాయి. 2017లో ఫలితాలు వచ్చాయి. పిల్లల శరీరంలోని కొవ్వులో తేడా కనబడలేదు. రెండో విడతలో రెండున్నర, మూడేళ్ళ వయసు పిల్లల్ని తీసుకుని, మామూలుగా టీకాలకీ పరీక్షలకీ వెళ్ళే శిశు ఆరోగ్య కేంద్రాల్లోని నర్సుల ద్వారానే తల్లిదండ్రులకు యాప్ ఇచ్చారు. 552 కుటుంబాలు. 2023లో ప్రచురించారు. 6 నెలల తర్వాత తీపి, ఉప్పు చిరుతిళ్ళు రోజుకి సుమారు 7 గ్రాములు తగ్గాయి, తీపి పానీయాలు సుమారు 30 గ్రాములు తగ్గాయి, తెర ముందు కూర్చునే సమయం 7 నిమిషాలు తగ్గింది. కూరగాయలు, పండ్లు, ఆటల విషయంలో మాత్రం తేడా రాలేదు. ఇవి చిన్న అంకెలే. అయినా నమ్మదగ్గ అంకెలు. వారాల తరబడి ఫోను చేతిలో పట్టుకున్నది పిల్లలు కాదు, తల్లిదండ్రులు. స్వీడిష్‌తోపాటు ఇంగ్లిష్, అరబిక్, సోమాలీ భాషల్లో కూడా ఆ యాప్‌ను తయారు చేశారు, ఎందుకంటే వలస వచ్చిన తల్లి తన భాషలో చదివితేనే పాటిస్తుంది. మన దగ్గర తెలుగులో చక్కగా మాట్లాడే యాప్‌లు తక్కువ. అందుకే మీ గొంతునే వాడుకోమని చెబుతాను. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

తెర విషయంలో హద్దు ఇదివరకే ఉంది. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలు రోజుకి గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని, ఎంత తక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2 నుంచి 5 ఏళ్ళకి గంటే అంటుంది, 2 ఏళ్ళ లోపు అసలు వద్దంటుంది. దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ మాత్రం మినహాయింపు. అలవాట్ల పేరుతో యాప్ పెట్టి ఆ గంటలోంచి 40 నిమిషాలు తినేస్తే మనం సాధించేది ఏమీ లేదు.

అన్నిటికంటే ముందు నిద్ర గురించి మాట్లాడతాను. నిద్ర కుదిరితే ఉదయం బ్రష్, టిఫిన్, బడి అన్నీ సగం వాటంతట అవే కుదురుతాయి. 3, 4 ఏళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. వెనక నుంచి లెక్క వేయండి. ఉదయం 7కి లేవాలి. మధ్యాహ్నం గంట పడుకుంటుంది. మొత్తం 11 గంటలు కావాలంటే రాత్రి 9కి నిద్రపోవాలి. అంటే 8:30కి బ్రష్, 8:40కి పక్క మీద కథ, 9కి లైటు ఆర్పడం. అన్నం 8:15కల్లా అయిపోవాలి. చాలా ఇళ్ళలో రాత్రి భోజనమే తొమ్మిదిన్నరకి, టీవీ సీరియల్ అయ్యాక. పెద్దవాళ్ళు ఎప్పుడైనా తినండి, పిల్లలకి మాత్రం ముందే పెట్టేయండి.

ఇప్పుడు ఫోనులో 2 అలారాలు పెట్టండి. మొదటిది 7:45కి, టీవీ ఆపి అన్నం వడ్డించమని మనకి చెప్పేది. రెండోది 8:25కి, లైట్లు తగ్గించమని, ఇదీ మనకే. పిల్లలకి అలారం పెట్టకండి. ఇప్పుడు 10:30కి పడుకునే పిల్లని ఒక్కసారిగా 9కి పడుకోబెడితే గంటన్నర ఏడుస్తూ దొర్లుతుంది, నాలుగో రోజుకి ఇంట్లో అందరూ వదిలేస్తారు. 3 రోజులకి 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. గంటన్నర జరగడానికి 6 మెట్లు, 18 రోజులు. అలారాలు కూడా 3 రోజులకోసారి మార్చుకోవాలి, ఇది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. ఉదయం లేపే వేళ మాత్రం మొదటి రోజు నుంచే 7. ఆదివారం 9 దాకా పడుకోనిస్తే ఆ రాత్రి మళ్ళీ పదిన్నరే అవుతుంది.

పడుకునే ముందు గంటసేపు తెర వద్దనడానికి కారణం ఉంది. 2018లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలు 10 మందిని పడుకునే ముందు గంటసేపు బాగా వెలుగున్న లైటు బల్ల దగ్గర ఆడించారు. నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోను దాదాపు 90 శాతం పడిపోయింది. అది ఫోను కంటే చాలా బలమైన వెలుతురు, పిల్లలు కూడా 10 మందే. అయినా చిన్నపిల్లల కళ్ళు మన కళ్ళకంటే ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకుంటాయన్నది నిజం. అందుకే పడుకునేటప్పుడు కథ యాప్ పెట్టాలనుకుంటే ఫోను బోర్లా పెట్టండి, గొంతు మాత్రమే వినిపించాలి. ఒక్క కథ. దాని తర్వాత ఇంకొకటి దానంతటదే మొదలయ్యే యాప్ అయితే వాడకండి.

కథ ఎవరిది అంటే, అమ్మమ్మది. ఫోనులో ఉండే వాయిస్ రికార్డరులో 5 నిమిషాల కథ చెప్పించి దాచుకోండి. డల్లాస్‌లో ఉన్న మనవరాలికి రాత్రి 8 అయితే వేసవిలో మనకి మర్నాడు ఉదయం 6:30. రోజూ కాల్ కుదరదు, రికార్డు చేసిన కథ రోజూ కుదురుతుంది. "మా బంగారం, ఇక కళ్ళు మూసుకో" అని చివర్లో ఒక మాట చెప్పించండి. ఏ యాప్‌లోని గొంతూ దానికి సాటి రాదు, తెలుగు కూడా చెవిలో పడుతుంది.

పళ్ళ దగ్గరికి వద్దాం. రోజుకి 2 సార్లు, సారికి 2 నిమిషాలు. 3 ఏళ్ళు నిండని పిల్లలకి ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత, 3 నిండాక బఠానీ గింజంత. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా వేయకూడదు, పిల్లలు కొంత మింగేస్తారు. ఒక మాట. బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతాలు మనకున్నాయి, నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు, ఆంధ్రప్రదేశ్‌లో కనిగిరి వైపు. అక్కడ ఇంకా బోరునీళ్ళే తాగుతుంటే ఏ పేస్టు వాడాలో పళ్ళ డాక్టరును అడిగి తీరాలి.

2 నిమిషాలకి టైమర్ యాప్ బాగా ఉపయోగపడుతుంది. టైమర్ లేకపోతే చాలామంది 2 నిమిషాలు కాకముందే ఆపేస్తాం. 30 సెకన్లకోసారి టింగ్‌మనేది ఎంచుకోండి. పైన కుడి, పైన ఎడమ, కింద కుడి, కింద ఎడమ. ఫోను అద్దం పక్కన అరమీద, తెర గోడవైపు. తడిచేతికి దొరకకూడదు. మొదటి 2 టింగ్‌ల దాకా పిల్లవాడు తోముకుంటాడు, తర్వాతి 2 టింగ్‌లకి బ్రష్ మీ చేతిలోకి రావాలి. "నేనే చేసుకుంటా" అంటాడు, అననివ్వండి, ముందు తన వంతు, తర్వాత అమ్మ వంతు అన్నది మొదటి రోజు నుంచీ మారకూడదు. 7, 8 ఏళ్ళ దాకా వాళ్ళ చేతికి వెనక దవడ పళ్ళ లోపలి వైపు తోమే ఒడుపు రాదు.  చివర్లో ఉమ్మేస్తే చాలు, చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే పేస్టులోని మందు కూడా పోతుంది.

చేతులు కడగడానికి యాప్ అక్కర్లేదు. సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. 1 నుంచి 20 దాకా నిదానంగా ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి, అంకెలూ వస్తాయి. పంపు అందకపోతే పీట వేయండి. చాలా ఇళ్ళలో పిల్లలు చేతులు కడగకపోవడానికి కారణం పీట లేకపోవడమే.

తిండి విషయంలో ఒక్కటే కఠినమైన నియమం, ముద్ద నోట్లో పెట్టడానికి ఫోను చూపించకూడదు. తెర చూస్తూ తినే పిల్ల కడుపు నిండిందో లేదో గమనించదు. ఏం తింటున్నదో కూడా గమనించదు, అందుకని కొత్త రుచి దానికి ఎప్పటికీ కొత్తగానే ఉండిపోతుంది. ఇక్కడ ఫోను మన లెక్కకి వాడదాం. నోట్సు యాప్ తీయండి, "బీరకాయ" అని రాయండి. పెట్టిన ప్రతిసారీ ఒక గీత. ఒక చెంచాడు చాలు, పళ్ళెంలో ఓ పక్కన. ముట్టుకుందా, వాసన చూసిందా, ఉమ్మేసిందా అన్నది పక్కన ఒక మాట. కొత్త కూరని పిల్లలు ఒప్పుకోవడానికి 8 నుంచి 15 సార్లు పట్టవచ్చు. రాసుకోకపోతే మనం మూడోసారికే "వీడికి బీరకాయ పడదు" అని తేల్చేస్తాం. రాసుకుంటే ఇంకా ఐదోసారే అని కనబడుతుంది. బతిమాలడం వద్దు, బెదిరించడం వద్దు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన చేతిలో, ఎంత తినాలన్నది వాళ్ళ చేతిలో ఉండాలి.

ఇంకో పని. ఒక్క వారం మాత్రం ప్యాకెట్ చిరుతిళ్ళు, కూల్‌డ్రింకులు, బిస్కెట్లు పిల్లవాడి నోట్లోకి వెళ్ళిన ప్రతిసారీ ఖాళీ ప్యాకెట్‌ని ఫోటో తీసి పెట్టండి. తాతయ్య కొనిచ్చినవీ, పక్కింటివాళ్ళు పెట్టినవీ అన్నీ. ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ఫోటోలు చూడండి. ఎవరినీ ఏమీ అనొద్దు. మొత్తం ఒకచోట కనబడితే చాలు, ఏది మానాలో ఇంట్లోవాళ్ళే చెబుతారు.

ఆటల సంగతి. 3, 4 ఏళ్ళ పిల్లలకి రోజంతా కలిపి 180 నిమిషాల కదలిక కావాలి, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత గట్టిగా. అడుగులు లెక్కపెట్టే యాప్ దీనికి పనికిరాదు, ఎందుకంటే ఫోను పిల్లవాడి జేబులో ఉండదు, ఉండకూడదు. సాయంత్రం 5:30కి "కిందికి దిగండి" అని మనకో అలారం చాలు. దాగుడుమూతలు, ఒప్పులకుప్ప, నాలుగేళ్ళు దాటితే తొక్కుడుబిళ్ళ. వానాకాలంలో అపార్టుమెంటులో ఇరుక్కుపోతే ఫోనులో పాట పెట్టి, ఆపినప్పుడు అందరూ బొమ్మల్లా నిలబడే ఆట ఆడించండి. ఆపే పని పెద్దవాళ్ళది.

చుక్కలు (స్టార్లు), బహుమతులు ఇచ్చి చప్పట్లు కొట్టే యాప్‌ల గురించి జాగ్రత్తగా వినండి. 1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న 3 నుంచి 5 ఏళ్ళ పిల్లల్లో కొందరికి, గీస్తే రిబ్బను కట్టిన బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు. తర్వాత ఆ పిల్లలే తమంతట తాము గీయడం తగ్గించేశారు. బహుమతి సంగతి ముందు చెప్పని పిల్లల్లో అలా జరగలేదు. కాబట్టి పిల్లవాడు ఇష్టంగా చేసే పనికి చుక్కలు ఇవ్వకండి. మొక్కలకి నీళ్ళు పోస్తుంటే, బొమ్మలు సర్దుతుంటే చూసి రెండు మంచి మాటలు అనండి. బ్రష్ లాంటి విసుగు పనికి మొదటి 2, 3 వారాలు చుక్క పెట్టొచ్చు. తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత మానేయాలి. వరుసగా ఎన్ని రోజులు చేశాడో చూపించి, ఒక్క రోజు తప్పితే సున్నాకి తెచ్చే యాప్‌లు ఈ వయసుకి అసలు వద్దు. జ్వరం వచ్చిన పిల్లకి అది శిక్షలా ఉంటుంది. లండన్‌లో పెద్దవాళ్ళ మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అలవాటు దానంతటదే జరిగే స్థాయికి రావడానికి 18 నుంచి 254 రోజులు పట్టింది, మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. పెద్దవాళ్ళకే అంత పడితే, 21 రోజుల్లో అలవాటు చేయిస్తామనే యాప్ మాట నమ్మకండి.

యాప్ ఎంచుకునేటప్పుడు పిల్లలు నిద్రపోయాక మీరు 10 నిమిషాలు వాడి చూడండి. 5 ఏళ్ళలోపు పిల్లలు వాడే 135 యాప్‌లను మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలిస్తే 95 శాతంలో ఏదో ఒక రూపంలో ప్రకటనలున్నాయి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరవండి. నెట్ లేకుండా నడిచే టైమరు, బొమ్మల పట్టిక అయితే ప్రకటనలు చాలావరకు రావు, మధ్యలో కాల్స్ కూడా రావు. టైమర్ యాప్ మీ కాంటాక్టులు, లొకేషన్ అడిగితే తీసేయండి. పిల్లల మీద నిఘా పెట్టి వాళ్ళకే గురిపెట్టిన ప్రకటనలు చూపించకూడదని మన 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది, కానీ ఫోను దగ్గర కాపలా మనదే. తప్పనిసరై పిల్లవాడి ముందు ఫోను పెట్టినప్పుడు వేరే యాప్‌లోకి వెళ్ళకుండా ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఉన్నాయి. రెండూ సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసి ఉంచుకోవాలి, ఏడుస్తున్న పిల్లని పక్కన పెట్టుకుని వెతకలేం.

ఆపడం గురించి. "ఇంకో 2 నిమిషాల్లో ఆపేస్తా" అని ముందుగా హెచ్చరిస్తే పేచీ తగ్గుతుందని మనందరి నమ్మకం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2016లో చిన్నపిల్లల ఇళ్ళలో పరిశీలిస్తే అలా హెచ్చరించినప్పుడు పేచీ ఎక్కువైంది. రోజూ ఉండే వరుసలో భాగంగా ఆగినప్పుడు, లేదా వీడియో దానంతటదే అయిపోయినప్పుడు పిల్లలు తేలిగ్గా లేచారు. కాబట్టి మధ్యలో లాక్కోకండి, ఒక కథ అయ్యేచోట ఆగేలా ముందే చూసుకోండి.

చాలా ఇళ్ళలో ఫోను ఒక్కటే, పొద్దున్నే నాన్నతో పనికి వెళ్ళిపోతుంది. అలాంటప్పుడు ఫోనుతో ఒక్కసారి పని చేయించుకోండి. పిల్లవాడు బ్రష్ చేస్తుండగా, స్నానానికి వెళ్తుండగా, బట్టలు వేసుకుంటుండగా, టిఫిన్ తింటుండగా 4 ఫోటోలు తీయండి. ప్రింటు తీయించి పైనుంచి కిందికి వరుసగా గోడకి అంటించండి, పిల్లవాడి కళ్ళ ఎత్తులో, నేల నుంచి సుమారు 90 సెంటీమీటర్లకి. 4కి మించితే వాళ్ళు దారి తప్పుతారు. బొమ్మల యాప్‌లో ముక్కు ముఖం తెలియని పిల్లాడిని చూసినప్పటికంటే గోడమీద తన ఫోటో చూసుకున్నప్పుడు పిల్లవాడు ఆ వరుసను త్వరగా తనదనుకుంటాడు. అంగన్‌వాడీలో కూడా చేతులు కడిగే చోట ఇదే పని చేయొచ్చు.

ఇక ఫోనును పక్కకు తప్పించడం. మొదటి 2 వారాలు అలారం, పక్కన పెద్దవాళ్ళు. 3, 4 వారాల్లో అలారం మోగాక "ఇప్పుడేంటి?" అని అడిగి గోడవైపు చూపించండి, మీరు చెప్పకండి. 5, 6 వారాల్లో అలారం శబ్దం తీసేసి వైబ్రేషన్‌లో మీ జేబులో ఉంచుకోండి. ఆ తర్వాత అది కూడా అక్కర్లేకపోతే తీసేయండి. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చాక, జ్వరం తగ్గాక వరుస చెదిరిపోతుంది, అది మామూలే. మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఒక మెట్టు వెనక్కి వెళ్ళి వారం నడిపితే చాలు. ఒకేసారి 2 అలవాట్లు మాత్రం మొదలుపెట్టకండి. నిద్ర వేళ కుదిరాకే కూరగాయల లెక్క తెరవండి.

ఇంటికెళ్ళాక పిల్లలు ఈ వారమంతా ఏ వేళకి నిద్రపోయారో ఇంట్లోవాళ్ళని అడిగి నోట్సులో రాసుకోండి. ఆ వేళకి 15 నిమిషాలు ముందు లైటు ఆర్పేలా, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి, రేపటి రాత్రి అన్నం అలారం పెట్టండి.